పోలిక వాడ

షామీర్‌పేట,
12 మార్చి 2006

ప్రియమైన బిందూ,

ఈ ఉత్తరం నీకు తెచ్చిచ్చిన ఆయన పేరు పరమేష్. మా సంస్థలో ఊళ్ళ పని చూస్తాడు. ఆయన చేతిలో నల్లరంగు డబ్బా చూసి కంగారు పడకు. దాని సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

ఎమ్మెస్సీ చివరి ఏడాది ప్రాజెక్టుకు ఇక్కడ చేరాను. లోపలికి సెల్‌ఫోను తేనివ్వరు. హాస్టల్లో ఒక్కటే ఫోను, దాని ముందు ఎప్పుడూ వరస. ఇంటర్‌లో మనం ఒట్టు పెట్టుకున్నాం కదా, దూరమైతే ఉత్తరాలే రాసుకోవాలని. ఆ దూరం షామీర్‌పేట నుంచి మేడ్చల్‌కే అవుతుందని అప్పుడు అనుకోలేదు. అయినా ఒట్టు ఒట్టే.

విను. మగదోమ కుట్టదు. ఇక్కడికి వచ్చేదాకా నాకూ తెలియదు. చెట్ల రసం తాగి బతుకుతుంది పాపం. కుట్టేదీ, రోగాన్ని మోసేదీ ఆడదే. మా వాళ్ళు మగదోమలో ఒక జన్యువు చేరుస్తున్నారు. అవి బయటికి వెళ్ళి మామూలు ఆడదోమలతో జతకడితే, పుట్టే పిల్లలకు ఆ జన్యువు తండ్రి నుంచి వస్తుంది. రెక్కలు రాకముందే అవి నీళ్ళలోనే చచ్చిపోతాయి. మందు చల్లే పని లేదు. వారసత్వం అనే మాటను ఇళ్ళూ పొలాల విషయంలోనే విన్నాను. చావును కూడా వారసత్వంగా ఇవ్వవచ్చని తెలిసినప్పటినుంచి ఆ మాట నన్ను వదలడం లేదు.

ఇంకా ఒక్క దోమనైనా బయటికి వదల్లేదు. ఢిల్లీ నుంచి అనుమతి రావాలి. ఈలోగా రెండు చోట్ల దోమ గుడ్లు లెక్కపెట్టి ఉంచుకోవాలి. ఒకటి కీసర దగ్గర, రెండోది మీ వాడ. అనుమతి వచ్చాక ఒకచోట మగదోమలను వదులుతారు. రెండోచోట ఏమీ చేయరు, ఊరికే లెక్కపెడతారు. రెండింటినీ పోల్చి చూస్తేనే మా పద్ధతి పనిచేసిందో లేదో తెలుస్తుంది.

డబ్బాలో నీళ్ళుంటాయి, అంచుకు ఒక గరుకు కాగితం. దోమ ఆ కాగితం మీద గుడ్లు పెడుతుంది. పరమేష్ వారానికోసారి వచ్చి పాత నీళ్ళు పారబోసి, కాగితం మార్చి వెళ్తాడు. మీరు చేయాల్సింది ఏమీ లేదు. మా కృష్ణారావు సార్ మాటల్లో చెప్పాలంటే, 'ఎప్పటిలాగే ఉండండి.' చూడు, ఎంత హాయిగా ఉందో ఆ మాట.

అత్తయ్యకు నమస్కారాలు.

నీ
సుప్రజ


మేడ్చల్,
20 మార్చి 2006

ప్రియమైన సుప్రజా,

డబ్బాను నీళ్ళ గోలెం పక్కన, బోళ్ళు తోమే బండ దగ్గర పెట్టాం. అంత పెద్ద సిమెంటు గోలెం పక్కన అది దాని పిల్లలా ఉంది.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. కుట్టు మిషన్ ఆపి విన్నది. చివరికి అత్తయ్య అనే మాట దగ్గర నవ్వింది. "నాకు కొడుకే లేకపాయె. ఈ పిల్ల నన్ను అత్తయ్య అంటది. ఎవనికి జేసుకుందాం?" అన్నది. తర్వాత డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "గిదేంది బిడ్డా, గింత సదువు సదివి దోమలను సాదుతున్నరా?" అని అడిగింది. పెంచడం కాదు, లెక్కపెట్టడం అని చెప్పాను. నమ్మినట్టు లేదు.

పక్కింటి శంకరమ్మకు కోపం వచ్చింది. "మీ ఇంట్ల దోమలకు డబ్బా పెట్టిండ్రు, మా ఇంట్ల దోమలు ఏం పాపం జేసినయి?" అని గోడ మీది నుంచి అడిగింది. ఆమెకు కూడా ఒకటి ఇవ్వమని పరమేష్ అన్నకు చెప్పాను. ఇచ్చాడు. ఇప్పుడు ఆమె డబ్బా మా డబ్బా కంటే కొంచెం పెద్దదని అంటోంది.

నేను ఎం.ఏ. తెలుగు ప్రవేశ పరీక్షకు చదువుతున్నాను. సీటు వస్తే యూనివర్సిటీ హాస్టల్లో ఉండాలి. నాయిన కంపెనీ జీతం ఇంటికి సరిపోతుంది, అంతే. నా చదువు అమ్మ జాకెట్ల మీదే. "నా చేతులు నడిచినన్ని రోజులు నువ్వు సదువు" అంటుంది. పెళ్ళిళ్ళ కాలం కదా, కాజాలు కుట్టీ కుట్టీ వేలికి తొడిగే అంగుస్తానాకే బొక్క పడింది.

నీకు రాసేటప్పుడు నాకు పుస్తకం భాష వస్తుంది. నవ్వకు.

ఒక సంగతి అడగాలి. మగదోమలను మా వాడలో వదులుతారా, కీసర దగ్గరా?

నీ
బిందు


షామీర్‌పేట,
14 మే 2006

ప్రియమైన బిందూ,

ఆలస్యానికి కోప్పడకు. పగలంతా సూక్ష్మదర్శిని కింద గుడ్లు లెక్కపెడుతున్నాను. నల్లగా, నువ్వుగింజలో నాలుగో వంతు ఉంటాయి. కళ్ళు మూసుకున్నా అవే. నిన్న మెస్‌లో నువ్వుల పచ్చడి తినలేకపోయాను.

నువ్వడిగిన సంగతి మీ ఇళ్ళలో చెప్పకూడదని సార్ అన్నారు. చెబితే మనుషులు మారిపోతారట. అందుకని అడగకు.

నాకో కష్టం వచ్చింది. మీ వాడ కాగితాలు ఖాళీగా వస్తున్నాయి. ఎండకు డబ్బాల్లో నీళ్ళు మూడో రోజుకే ఇంకిపోతున్నాయని పరమేష్ అన్నాడు. సార్ అందరి ముందు నా లెక్కల పట్టీ చూపించి, ఇది ప్రాజెక్టా, సెలవు చీటీనా అని అడిగారు. మీ ఇంటి డబ్బా నన్ను పరీక్ష తప్పించేలా ఉంది బిందూ. అత్తయ్యతో ఫిర్యాదు చెప్పు.

ఇక్కడ నాకు దొరికిన కొత్త మాట 'డింభకం'. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు. పలికి చూడు, నోట్లో ఉండ చుట్టుకున్నట్టు ఉంటుంది. మీ వాడలో దాన్ని ఏమంటారో అత్తయ్యను అడిగి రాయి.

నీ
సుప్రజ


మేడ్చల్,
2 జూలై 2006

ప్రియమైన సుప్రజా,

మీ డింభకాన్ని అమ్మ తోకపురుగు అంటుంది. చూస్తే అదే సరైన పేరు.

పరీక్ష బాగా రాశాను. సీటు వస్తుందనే నమ్మకం ఉంది.

నీ కష్టం అమ్మకు చెప్పాను. తమాషాకే చెప్పాను, కానీ ఆమె తమాషాగా తీసుకోలేదు. "ఆ పిల్లను నలుగుట్ల తిట్టిండా?" అని రెండుసార్లు అడిగింది. ఆ రోజు నుంచి పొద్దున్నే వాకిలి ఊడ్చాక చెంబుతో డబ్బా నింపుతుంది. శంకరమ్మ ఇంటికి కూడా వెళ్ళి చూసి వస్తుంది. అక్కడితో ఆగలేదు. ప్రతి శుక్రవారం గోలెం ఖాళీ చేసి, కొబ్బరి పీచుతో గీకి తోమి, మళ్ళీ నింపే అలవాటు మా ఇంట్లో నేను పుట్టకముందునుంచీ ఉంది. అది మానేసింది. పొద్దు గూకే ముందు పెట్టే వేపాకు పొగ కూడా మానేసింది. ఎందుకమ్మా అంటే, "దోమలుంటెనే గద దాని లెక్క నిండేది. ఆ పిల్ల పాసవ్వాలె" అన్నది. వాడలో ఆడవాళ్ళందరికీ చెప్పింది, మా సుప్రజకు పరీక్ష ఉంది, వానలు అయ్యేదాకా పొగలు పెట్టకండి అని. నాయిన రాత్రంతా తువ్వాలతో కాళ్ళు కొట్టుకుంటూ, "మీ సుప్రజ పాసయ్యేదాక నా రక్తం మిగులుతదా?" అంటున్నాడు.

ఈసారి కాగితం చూడు. నాకే నల్లగా కనిపిస్తోంది.

నీ
బిందు


షామీర్‌పేట,
16 జూలై 2006

ప్రియమైన బిందూ,

నీ ఉత్తరం, కాగితాలు అందాయి. మీ ఇంటి కాగితం మీద గుడ్లు లెక్కపెట్టడానికి నాకు ఒక పూట పట్టింది. సార్ చూసి, ఇప్పుడు వానాకాలంలా ఉంది అన్నారు. ఆయన నోట మెచ్చుకోలు రావడం ఇదే మొదలు.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. సార్‌ను ఒక మాట అడిగాను, ఎవరి పేరూ చెప్పకుండా. ఇళ్ళవాళ్ళు తమంతట తాము అలవాటు మార్చుకుంటే ఏం చేయాలి సార్ అని. వాళ్ళంతట వాళ్ళు ఏం చేసినా అదే వాళ్ళ మామూలు జీవితం, మనం ఇలా చేయమనీ చెప్పకూడదు, వద్దనీ చెప్పకూడదు అన్నారు.

సీటు రాగానే రాయి. హాస్టల్‌కు వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళాలో నేను చెబుతాను.

అత్తయ్యకు నా నమస్కారాలు తప్పకుండా చెప్పు.

నీ
సుప్రజ


షామీర్‌పేట,
21 ఆగస్టు 2006

బిందూ,

తొందరలో రాస్తున్నాను, పరమేష్ బయట బండి మీద ఉన్నాడు. ఢిల్లీ నుంచి ఫైలు వెనక్కి వచ్చింది. ఇంకా వివరాలు కావాలట. అప్పటిదాకా ఊళ్ళ పని ఆపమన్నారు. బండి కూడా ఆగిపోతుంది. డబ్బాలన్నీ వచ్చే వారంలో తీసేస్తారని సార్ చెప్పారు. నేను ఉన్న లెక్కలతో ప్రాజెక్టు రాసుకోవాలి. నెలంతా మచ్చ బొల్లారంలో మా ఇంట్లోనే ఉంటాను.

నీకు సీటు వచ్చిందని పరమేష్ చెప్పాడు. ముందుగా నాకు రాయకుండా ఆయనకు చెప్పావన్నమాట. సంతోషంతో క్షమించాను.

సుప్రజ


మేడ్చల్,
27 సెప్టెంబరు 2006

సుప్రజా,

పరమేష్ అన్న రాలేదు. ఎవరూ రాలేదు. మీ హాస్టల్ ఫోనుకు రెండుసార్లు చేశాను, ఎవరూ ఎత్తలేదు. మీ ఇంటి చిరునామా పాత పుస్తకంలో వెతికి పోస్టులో వేస్తున్నాను.

మా వాడలో జ్వరాలు. మొదట శంకరమ్మకు వచ్చింది, తర్వాత నాయినకు, తర్వాత ఇల్లిల్లూ. చికున్‌గున్యా అంటున్నారు. ఆ పేరు కూడా నీ కొత్త మాటల్లాగే ఉంది. నాయిన వారానికి లేచి, కుంటుతూ కంపెనీకి పోతున్నాడు. అమ్మ లేవలేదు. జ్వరం తగ్గింది కానీ కీళ్ళు తగ్గలేదు. పొద్దున వేళ్ళు ముడుచుకోవు, ముడిస్తే తెరుచుకోవు. సూది పట్టుకుంటే జారిపోతోంది. నిన్న కత్తెర వేళ్ళకు ఎక్కించుకుని తీయలేక ఏడ్చింది. నేను సబ్బు రాసి తీశాను. డాక్టరు సూది మందు వేసి, నెలలో తగ్గుతుందని ఒకసారి, ఏడాది పట్టొచ్చని ఒకసారి చెప్పాడు. దసరా జాకెట్లు పదహారు ఇంట్లో కత్తిరించి పడి ఉన్నాయి. వాళ్ళంతా వచ్చి అడుగుతున్నారు. నేను వచ్చే వారం హాస్టల్లో చేరాలి.

అమ్మ నిన్ను ఒక సంగతి అడగమన్నది. డబ్బా ఇంకా నింపాలా? అందులో తోకపురుగులు కిక్కిరిసి ఉన్నాయి. చేతులతో చెంబు పట్టలేక, రెండు మణికట్ల మధ్య పెట్టుకుని ఈ రోజు కూడా నింపింది. వద్దంటే వినదు. "ఆ పిల్ల వచ్చి సూస్తె ఎండిపోయి ఉండొద్దు" అంటుంది.

జవాబు తొందరగా రాయి.

బిందు


మచ్చ బొల్లారం,
30 సెప్టెంబరు 2006

బిందూ,

ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు డబ్బా పారబొయ్యి. ఎండలో నేల మీద బోర్లించు. శంకరమ్మ ఇంట్లోది కూడా. గోలెం ఖాళీ చేసి, ఇదివరకటిలా గీకి తోము. అంచున కంటికి కనపడని గుడ్లు ఉంటాయి, గట్టిగా గీకు. పొగ పెట్టమని అందరికీ చెప్పు. అత్తయ్యను పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టు. ఈ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది.

ఇప్పుడు నువ్వు మార్చిలో అడిగినదానికి జవాబు. మగదోమలను వదలాలనుకున్నది కీసర దగ్గర. మీది పోలిక వాడ. అంటే, ఏమీ చేయకపోతే ఎలా ఉంటుందో చూడటానికి ఎంచుకున్న చోటు. నాకు మొదటిరోజే తెలుసు. చీటీలు వేసి తీసింది నా చేత్తోనే.

గోలెం తోమడం మానేశారని నువ్వు రాసినప్పుడు నాకు అర్థమైంది. అర్థం కాలేదని అబద్ధం చెప్పలేను. సార్ చెప్పవద్దన్నారు, నిజం. కానీ గుడ్లు బాగా వస్తున్నాయని నాకు సంతోషంగా కూడా ఉండింది. అదీ నిజం.

అత్తయ్యను కుట్టిన దోమ ఆ డబ్బాలోదో, గోలెంలోదో, వీధి చివరి పాత టైరులోదో ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను. ఈ జ్వరం ఇప్పుడు జిల్లాలు జిల్లాలుగా ఉంది, డబ్బాలు పెట్టని ఊళ్ళలో కూడా ఉంది. ఈ వాక్యం నన్ను నేను తప్పించుకోవడానికి రాశానో, నిజం కాబట్టి రాశానో నాకే తెలియడం లేదు.

కీళ్ళకు మందేదైనా ఉందా అని ఇక్కడ తెలిసిన వాళ్ళందరినీ అడిగాను. నొప్పి మాత్రలు, విశ్రాంతి అన్నారు. మేం చేసే మగదోమలు ఎప్పటికి బయటికి వస్తాయని సార్‌ను అడిగాను. అన్నీ సవ్యంగా జరిగితే పదేళ్ళు అన్నారు.

నువ్వు మాత్రం హాస్టల్‌కు వెళ్ళు. నేను వచ్చే ఆదివారం వస్తాను.

సుప్రజ


మేడ్చల్,
12 అక్టోబరు 2006

సుప్రజకు,

డబ్బాలు పారబోశాను. గోలెం తోమాను. వాడంతా చెప్పాను. అప్పటికే జ్వరం రాని ఇల్లు లేదు.

నువ్వు వచ్చిన రోజు మాత్రలు గూట్లో పెట్టి, చాయ తాగి వెళ్ళావు. నీ ఉత్తరం అప్పటికి అమ్మకు చదివి వినిపించలేదు. నువ్వు వెళ్ళాక చదివాను. అంతా విన్నది. కోపం చేయలేదు. కోపం చేస్తే బాగుండేదని నాకు అనిపించింది. "ఒక్క మాట గద బిడ్డా. ఒక్క మాట జెప్తే పారబోస్తుంటి" అన్నది. మళ్ళీ, "లెక్క తక్కువైతే నేను వచ్చి మీ సారుతో మాట్లాడుతుంటి" అన్నది. మీ సారుతో ఏం మాట్లాడేదో నాకు తెలియదు. ఆమె మాట్లాడే ఉండేది, అది మాత్రం తెలుసు.

హాస్టల్లో చేరే గడువు అయిపోయింది. నేను వెళ్ళలేదు. వచ్చే ఏడు మళ్ళీ పరీక్ష రాయవచ్చని నాయిన అంటున్నాడు. పదహారు జాకెట్లలో పదకొండు నేనే పూర్తి చేశాను. అమ్మ పక్కన కూర్చుని నోటితో చెబుతుంది. అంచు మడిచి కుట్టే తుర్పాయి వంకర పోతే ఆమె చేతులు వాటంతట అవే లేస్తాయి, గుడ్డ దాకా వచ్చి ఆగిపోతాయి.

నాకు రాయడానికి తీరిక దొరకదు.

బిందు


మచ్చ బొల్లారం,
7 జనవరి 2007

బిందూ,

నువ్వు జవాబు రాయకపోయినా సరే, ఇది రాయక తప్పడం లేదు.

ప్రాజెక్టు రాయడం పూర్తయింది, ఒక్క వాక్యం తప్ప. సార్‌కు మీ వాడ లెక్కలు ఎంతో నచ్చాయి. వానలతోపాటు గీత ఎలా పైకి లేచిందో పటం గీయించారు. అందంగా ఉంది. అలాంటి గీత కోసం ఏళ్ళు ఎదురుచూస్తారట. గోలెం సంగతి ఆయనకు పూర్తిగా చెప్పాను, ఈసారి పేర్లతో. కాసేపు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, అది రాస్తే మొత్తం లెక్క పనికిరాదు, ఇంకో వానాకాలం పోతుంది, మన పద్ధతి ఇంకెవరికో అంత ఆలస్యంగా అందుతుంది అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన ఇంట్లో కూడా అందరికీ అదే జ్వరం వచ్చింది.

అక్కడ నేను రాయాల్సిన వాక్యం ఇది: 'పోలిక వాడలో ఎటువంటి నివారణ చర్యా జరగలేదు.'

నెల రోజులుగా ఆ వాక్యాన్ని తిప్పి తిప్పి చూస్తున్నాను. మాటలంటే నాకెంత పిచ్చో నీకు తెలుసు. దాంట్లో ఒక్క మాట తప్పు లేదు. ఎక్కడ పట్టుకుందామన్నా దొరకడం లేదు. దాని పక్కన ఇంకొక వాక్యం రాద్దామంటే పేజీలో దానికి చోటు లేదంటున్నారు. ఏ చోట రాయాలో నాకూ తెలియడం లేదు. రేపటికల్లా ఇవ్వాలి. లేకపోతే ఏడాది పోతుంది. పోతే పోనీ అని ఒకరోజు అనుకుంటాను. నా ఏడాది పోతే అత్తయ్య వేళ్ళు వంగుతాయా అని మరునాడు అనుకుంటాను.

ఏం చేయమంటావని అడగడం లేదు. అడిగే హక్కు లేదు.

సుప్రజ


మేడ్చల్,
22 జనవరి 2007

సుప్రజకు,

నీ ఉత్తరం వచ్చేసరికే నువ్వు చెప్పిన రేపు దాటిపోయింది. ఏం చేశావో నాకు తెలియదు. రాశావనే అనుకుంటున్నాను.

అమ్మకు చదివి వినిపించాను. ఆ ఒక్క వాక్యం మళ్ళీ చదవమన్నది. చదివాను. నివారణ చర్య అంటే ఏంది అని అడిగింది. రాకుండా ఆపడానికి చేసే పని అని చెప్పాను.

"ఎవ్వలు ఆపలే గద" అన్నది. "నిజమే రాసింది పిల్ల."

అని గోడ వైపు తిరిగి పడుకుంది. కాసేపటికి నిద్రపోయిందనుకుని నేను మిషన్ మొదలుపెట్టాను. నిద్రపోలేదు. కుట్టు చప్పుడు విని, అటు తిరిగే, దారం బిగుతైంది, వదులు చెయ్యి అన్నది. వదులు చేశాను. బయట ఒకామె జాకెట్ కోసం కూర్చుని ఉంది. ఉంటాను.

బిందు